పేరు చెప్పి లోపలికి

2022 మే 24న అమలాపురంలో నిప్పు రాజుకుంది. కొత్త జిల్లా పేరు మార్పు మీద మొదలైన నిరసన మంత్రి ఇంటికీ, ఎమ్మెల్యే ఇంటికీ, బస్సులకూ మంట పెట్టేదాకా పోయింది. ఆ వెంటనే కోనసీమలో ఇంటర్నెట్ ఆగింది. రోజుల తరబడి ఆగింది. కోవిడ్ పుణ్యమా అని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చాలామంది అప్పటికింకా సొంతూళ్ళ నుంచే పని చేస్తున్నారు. వాళ్ళు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్ల మీదికి చేరి, అవతలి ఒడ్డు టవర్ల సిగ్నల్ అందుకుని పని చేసుకున్న సంగతి అప్పట్లో పత్రికల్లో వచ్చింది. మరికొందరు ఏకంగా నది దాటి కాకినాడ వైపో, రాజమహేంద్రవరం వైపో వెళ్ళారు.

ఇలా దూరం నుంచి పని చేసేవాళ్ళలో ఒక రకం వాళ్ళున్నారు. వాళ్ళ తెర మీద బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, చివర్న మిణుకుమిణుకుమనే ఒక గీత. ఆ గీత దగ్గర వాళ్ళు కొట్టే అక్షరాలు హైదరాబాద్‌లోనో చికాగోలోనో ఉన్న సర్వర్‌లో ఆజ్ఞలవుతాయి. సర్వర్ల బాగోగులు చూసే అడ్మినిస్ట్రేటర్లు వీళ్ళు.

గట్టు మీద కూర్చున్న ఈ మనిషి ఎవరో అంత దూరంలో ఉన్న యంత్రానికి ఎలా తెలుస్తుంది? తెలియదు. దానికి అందేవి మూడే: వచ్చిన చోటును సూచించే ఒక ఇంటర్నెట్ చిరునామా, ఒక యూజర్ పేరు, ఆ పేరు తనదేనని చూపే ఒక రుజువు. ముఖం కనిపించదు, గొంతు వినిపించదు. రుజువు సరిపోతే అమలాపురం కుర్రాడైనా ఖండాంతరంలో ఉన్న దొంగైనా దానికి ఒకటే. అందుకని ఆ పేరు ఏ పేరై ఉండాలి, దానికి ఏ రుజువు చాలుతుంది, దూరం నుంచి వచ్చినవాడికి ఎంత అధికారం ఇవ్వాలి అన్న మూడు ప్రశ్నల మీదే సర్వర్ భద్రత నిలబడుతుంది. ఈ అధ్యాయం అందులో ఒక చిన్న నియమం గురించి: సర్వాధికారి పేరుతో ఎవ్వరూ దూరం నుంచి నేరుగా లోపలికి రాకూడదు.

ఎవరీ సర్వాధికారి? 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్‌లోనూ, దాని నమూనా మీద పుట్టిన లినక్స్‌లోనూ ప్రతి యూజర్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. సున్నా సంఖ్య ఉన్నవాడు రూట్. ఒక ఫైలు తెరవాలంటే మిగతావాళ్ళను ‘నీకు అనుమతి ఉందా’ అని అడిగే వ్యవస్థ, సున్నాను చూస్తే అడగడమే మానేస్తుంది. ఏ ఫైలైనా చదవొచ్చు, ఎవరి పాస్‌వర్డ్ అయినా మార్చొచ్చు, మొత్తం డిస్కు తుడిచేయొచ్చు. విండోస్‌లో ఇలాంటివాడే అడ్మినిస్ట్రేటర్. అతని భద్రతా సంఖ్య ఎప్పుడూ 500తో ముగుస్తుంది. పేరు మార్చి దాచినా ఆ తోక మాత్రం మారదు.

యూనిక్స్ తొలినాళ్ళలో రూట్‌తో పెద్ద బెంగ ఉండేది కాదు. యంత్రం ఒక గదిలో ఉండేది, టెర్మినళ్ళు తీగలతో దానికి తగిలించి ఉండేవి. ఏ తీగ చివర ఎవరు కూర్చున్నారో కంటికి కనిపించేది. అయినా అప్పుడే ఒక జాగ్రత్త పుట్టింది. ఏయే టెర్మినళ్ళ దగ్గర కూర్చుని రూట్‌గా లాగిన్ కావచ్చో ఒక ఫైల్లో రాసిపెట్టేవారు. ఆ జాబితాలో లేని తీగ మీద రూట్ అని కొడితే యంత్రం ఒప్పుకునేది కాదు. నెట్‌వర్కులు వచ్చి టెల్‌నెట్‌తో ఊరవతలి నుంచి లాగిన్ కావడం మొదలయ్యాక ఈ పాత జాబితాయే అక్కరకొచ్చింది. నెట్‌వర్కు మీద వచ్చే టెర్మినల్ నిజం తీగ కాదు కనుక జాబితాలో ఉండదు, కాబట్టి రూట్‌కు ప్రవేశం లేదు.

టెల్‌నెట్‌కు ఇంకో జబ్బుంది. కొట్టిన పాస్‌వర్డ్ యథాతథంగా, ఏ ముసుగూ లేకుండా దారి పొడుగునా ప్రయాణిస్తుంది. మధ్యలో ఎవడైనా నెట్‌వర్కును వింటుంటే చాలు. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో సరిగ్గా ఇలాగే పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. అక్కడి పరిశోధకుడు టాటు ఇలోనెన్ ఆ దెబ్బకు స్పందించి రాసినదే ఎస్‌ఎస్‌హెచ్. ఎఫ్‌టీపీకి 21, టెల్‌నెట్‌కు 23వ నంబరు పోర్టులు, అంటే ప్రవేశ ద్వారాలు, అప్పటికే ఉన్నాయి. మధ్యలో ఖాళీగా ఉన్న 22ను అడిగి తీసుకున్నాడు. ఈనాటికీ ప్రపంచంలో సర్వర్ల నిర్వహణ ఎక్కువగా నడిచేది ఆ పోర్టు మీదే.

ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ రహస్యంగానే వెళుతుంది. మరి రూట్‌గా నేరుగా వస్తే ఏమిటట ఇబ్బంది?

మొదటి ఇబ్బంది లెక్కది. ఇంటర్నెట్‌లో పాత తరహా చిరునామాలు సుమారు 430 కోట్లు. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు విడుదల చేసిన జీమ్యాప్ అనే సాధనం, మంచి వేగమున్న ఒకే ఒక్క లైన్ మీద 45 నిమిషాల లోపు ఆ చిరునామాలన్నిటినీ తట్టి రాగలదు. అంటే అమలాపురంలో ఒక చిన్న ఆఫీసు సర్వర్‌ను ఇంటర్నెట్‌కు తగిలిస్తే, అది ఉన్నట్టు ఎవరికీ చెప్పకపోయినా కనిపెట్టేస్తారు. ఆపైన ఊహలు మొదలవుతాయి. లోపలికి రావడానికి పేరూ కావాలి, పాస్‌వర్డూ కావాలి. రూట్ అనే పేరు ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఉంటుంది కనుక సగం పని దొంగకు ముందే తీరిపోయింది. ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉన్న ఏ సర్వర్ చిట్టా తెరిచినా రూట్ పేరుతో విఫలమైన ప్రయత్నాలు వేల కొద్దీ కనిపిస్తాయి. వాటి వెనక మనుషులుండరు, నిద్రపోని ప్రోగ్రాములుంటాయి.

ఇది పెద్ద సర్వర్లకే పరిమితం అనుకోవద్దు. కోనసీమలో రొయ్యల చెరువుల దగ్గర కాపలాకు సీసీ కెమెరాలు పెట్టుకుంటున్నారు; ఫోన్లో చూసుకోవచ్చు. ఆ కెమెరా లోపల ఉన్నది చాలాసార్లు చిన్న లినక్స్ కంప్యూటరే, దానికీ ఒక రూట్ ఉంటాడు. 2016లో మిరాయ్ అనే పురుగు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పేర్లూ పాస్‌వర్డ్‌లూ ఓ అరవై జతలు పట్టుకుని, టెల్‌నెట్ తెరిచి ఉన్న కెమెరాల్లోకీ రూటర్లలోకీ దూరింది. అలా చేరిన దండుతో అక్టోబర్ 21న, వెబ్‌సైట్లకు దారి చూపే డైన్ అనే సంస్థ మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటల తరబడి తడబడ్డాయి. అందులో పాల్గొన్న కెమెరాల యజమానులకు ఆ విషయమే తెలియదు.

రెండో ఇబ్బంది నా లెక్కలో మొదటిదానికంటే పెద్దది. రూట్ అనే మనిషి లేడు. అది ఒక పదవి. ఆ పదవి పేరుతో నేరుగా వచ్చేవాళ్ళు ఎవరైనా కావచ్చు.

ఆత్రేయపురం మండలంలో లొల్ల లాకులు చూసినవాళ్ళకు ఇది చప్పున అర్థమవుతుంది. బొబ్బర్లంక దగ్గర బయల్దేరిన మధ్య డెల్టా ప్రధాన కాలువ అక్కడ చీలి అమలాపురం వైపూ గన్నవరం వైపూ పోతుంది. షట్టర్ ఎత్తేది లస్కరు. కానీ ఎంత ఎత్తాలో ఇంజనీరు చెప్పాలి, ఎత్తింది రిజిస్టర్లో పడాలి. రేపు ఏ ఊళ్ళోనో చేలు మునిగితే ఏ రోజు, ఎవరి మాట మీద, ఎవరి చేత్తో షట్టర్ లేచిందో ఆ పుస్తకం చెబుతుంది. ‘డిపార్ట్‌మెంటు ఎత్తింది’ అని రాసి ఉంటే ఆ పుస్తకం దేనికి?

సర్వర్లో ఆ రిజిస్టర్ ఉంది. లాగిన్ అయిన ప్రతిసారీ ఒక వరస పడుతుంది. రూట్‌గా నేరుగా వస్తే పడే వరసలో ఉండేది ఇంతే: ఫలానా తేదీ, తెల్లవారుజామున 2 గంటల 14 నిమిషాలు, ఫలానా చిరునామా నుంచి, రూట్‌కు పాస్‌వర్డ్ ఆమోదం. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆఫీసులో ఆ పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు ఐదుగురుంటే ఐదుగురూ ‘నేను కాదు’ అనొచ్చు, ఐదుగురినీ అనుమానించొచ్చు. అదే మనిషి తన సొంత పేరుతో వచ్చి, అవసరమైనప్పుడు మాత్రం అధికారం అడిగి తీసుకుంటే రెండు రకాల వరసలు పడతాయి. ఫలానా ఉద్యోగి 2 గంటల 14 నిమిషాలకు తన పేరుతో వచ్చాడు. 2 గంటల 16 నిమిషాలకు రూట్ అధికారంతో ఫలానా ఆజ్ఞ నడిపాడు. ఆజ్ఞ కూడా పూర్తిగా, అక్షరం పొల్లుపోకుండా ఉంటుంది.

ఇలా అడిగి తీసుకునే సాధనం పేరు సూడో. 1980 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం బఫెలో ప్రాంగణంలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ రాశారు. ఆజ్ఞ ముందు సూడో అని కొడితే, అది అడిగేది రూట్ పాస్‌వర్డ్ కాదు, నీ పాస్‌వర్డే. నీకు ఆ పని చేసే అనుమతి జాబితాలో ఉందో లేదో చూస్తుంది. ఉంటే ఆ ఒక్క ఆజ్ఞ మేరకు సున్నా సంఖ్య అధికారం ఇచ్చి, అది అవగానే వెనక్కి తీసుకుంటుంది. బ్యాకప్ చూసుకునే కుర్రాడికి బ్యాకప్ ఆజ్ఞ ఒక్కటే ఇవ్వొచ్చు. ప్రతి ప్రోగ్రామూ ప్రతి మనిషీ తన పనికి సరిపడా అధికారంతోనే ఉండాలని సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే రాశారు. ఉబుంటు లినక్స్ 2004లో తొలి విడుదల నుంచే రూట్ పాస్‌వర్డ్ లాగిన్‌ను మూసేసి సూడోనే నమ్ముకుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే ఎస్‌ఎస్‌హెచ్ ఉచిత రూపం కూడా 2015 ఆగస్టులో, 7.0 కూర్పు నుంచి, రూట్ పాస్‌వర్డ్‌తో దూరం నుంచి రావడాన్ని అప్రమేయంగా నిలిపేసింది. ఎస్‌ఎస్‌హెచ్ పుట్టిన ఇరవయ్యేళ్ళకు చేశారు. ఇంకా ముందే చేయాల్సింది.

ఇక మన దగ్గరి కథ. 2022 జనవరి 23, 24 తేదీల్లో హైదరాబాద్‌లోని ఆంధ్రప్రదేశ్ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12.48 కోట్ల రూపాయలు మాయమయ్యాయి. తుపాకులు లేవు, గోడకు కన్నం లేదు. అప్పటి హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సీవీ ఆనంద్ మార్చి నెలాఖరులో వివరాలు చెప్పారు. దొంగలు 2021 నవంబర్‌లోనే 4, 10, 16 తేదీల్లో బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా ఈమెయిళ్ళు పంపారు. ఇద్దరు వాటిని తెరిచారు. అంతే, వాళ్ళ కంప్యూటర్లలోకి దూరం నుంచి నడిపించుకునే దొంగ ప్రోగ్రాము దిగింది. దాని తర్వాత కొట్టే ప్రతి అక్షరాన్నీ రాసుకునే మరొక ప్రోగ్రాము. రెండు నెలలకు పైగా ఓపిగ్గా కూర్చున్నారు. అడ్మినిస్ట్రేటర్ల యూజర్ పేర్లూ పాస్‌వర్డ్‌లూ వాటంతటవే చిక్కాయి. జనవరిలో ఓ వారాంతం బ్యాంకు ప్రధాన సర్వర్లోకి అడ్మినిస్ట్రేటర్లుగా వెళ్ళి, ముందే తెరిపించి ఉంచిన కొన్ని ఖాతాల్లో నిల్వలు పెంచి, ఆ డబ్బును 115 ఖాతాలకు, అక్కడి నుంచి 398 ఖాతాలకు చెదరగొట్టి, దేశం నలుమూలలా 938 ఏటీఎంల నుంచి తీయించారు.

నన్ను ఆపింది ఏటీఎంల లెక్క కాదు. దర్యాప్తులో తేలిందని పోలీసులు చెప్పిన మరో మాట: బ్యాంకులో సూపర్ యూజర్లు పది మంది ఉన్నారు, వాళ్ళలో కొందరికి పాస్‌వర్డ్ ఒకటే. బ్రాంచీలూ హెడ్డాఫీసూ అడ్డుగోడల్లేని ఒకే నెట్‌వర్కులో ఉన్నాయి. పది మంది సర్వాధికారులు, పంచుకున్న పాస్‌వర్డ్! అక్కడ రిజిస్టర్ ఎంత బాగా రాసినా ఏం లాభం? దొంగ వచ్చినప్పుడు యంత్రం చూసింది సరైన పేరు, సరైన పాస్‌వర్డ్. దాని వైపు నుంచి తప్పేమీ జరగలేదు. ఆ అధికారం హెడ్డాఫీసులో ఒక నిర్ణీత యంత్రం నుంచి మాత్రమే పనిచేసేలా కట్టి, ఫోన్‌కు వచ్చే రెండో రుజువు కూడా అడిగి ఉంటే, తెరిచిన ఆ రెండు ఈమెయిళ్ళు రెండు కంప్యూటర్ల గొడవగా ముగిసే అవకాశం ఎక్కువ. 2023లో రిజర్వ్ బ్యాంకు సైబర్ భద్రత నిబంధనలు పాటించనందుకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

పాస్‌వర్డ్ ఒక్కటే రుజువైతే ఏమవుతుందో చెప్పే ఒక పైపులైన్ ముచ్చట కూడా. 2021 మేలో అమెరికాలో సుమారు 8,850 కిలోమీటర్ల కలోనియల్ ఇంధన పైపులైన్ రోజుల తరబడి ఆగిపోయింది. ఇనుము తుప్పు పట్టి కాదు. ఎవరూ వాడకుండా మిగిలిపోయిన ఒక దూర ప్రవేశ ఖాతా ఇంకా బతికే ఉంది. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే రుజువు, అది ఎక్కడో బయటపడింది. సంస్థ 75 బిట్‌కాయిన్లు దొంగలకు చెల్లించుకుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం నిజాయతీగా వినాలి. ‘సొంత పేరుతో వచ్చి సూడో కొడతాడు సరే, ఆ మనిషి పాస్‌వర్డే దొంగ చేతికి చిక్కితే రూట్ కూడా చిక్కినట్టే కదా, ఇందులో కొత్తగా ఒరిగిందేమిటి?’ అని అనుభవజ్ఞులే అడుగుతారు. సగం నిజం. మహేశ్ బ్యాంకులో లాగా అక్షరాలన్నీ వింటున్న దొంగ ముందు సూడో ఒక్కటే ఆగలేదు. అందుకే పాస్‌వర్డ్ బదులు తాళంచెవుల జత వాడమంటారు. రహస్య చెవి నీ ల్యాప్‌టాప్ దాటి బయటికి పోదు. ఆ కనెక్షన్‌కే ప్రత్యేకమైన ఒక సంఖ్య మీద ఆ చెవితో సంతకం చేసి సర్వర్‌కు పంపుతావు. ఊహించడానికి పాస్‌వర్డే ఉండదు. సొంత పేర్ల వల్ల ఇంకో లాభం ఉద్యోగి మానేసిన రోజున తెలుస్తుంది. అతని ఖాతా ఒక్కటి ఆపితే చాలు. అందరికీ తెలిసిన రూట్ పాస్‌వర్డ్ అయితే అందరికీ మార్చాలి, మార్చిందాన్ని మళ్ళీ అందరికీ చెప్పాలి. ఎవరూ మార్చరు.

విండోస్ దారి కొంచెం వేరు, అక్కడ ఆలస్యం ఇంకా ఎక్కువ. విస్టా కాలం నుంచే, ఒక యంత్రంలోని స్థానిక అడ్మినిస్ట్రేటర్ నెట్‌వర్కు మీదుగా వస్తే అతని అధికారాన్ని కత్తిరించి లోపలికి పంపే ఏర్పాటుంది. కానీ 500 తోక ఉన్న అసలు అడ్మినిస్ట్రేటర్ ఖాతాను మాత్రం ఎన్ని తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టినా బంధించే వీలే ఉండేది కాదు. 2022 అక్టోబర్ అప్‌డేట్‌తో గానీ ఆ వెసులుబాటు రాలేదు. ఈలోగా 3389 పోర్టు మీద రిమోట్ డెస్క్‌టాప్ తెరిచిపెట్టిన ఆఫీసులు ఎన్నో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాముల పాలయ్యాయి.

చేతికి పని చెప్పాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. ఎస్‌ఎస్‌హెచ్ అమరికల ఫైల్లో ‘పర్మిట్ రూట్ లాగిన్’ అనే వరస ఉంటుంది. దాని ఎదుట ‘నో’ రాయాలి. వరస ముందు హ్యాష్ గుర్తు ఉంటే అది ఉత్త వ్యాఖ్య, అమల్లో లేదు. పక్కన ఉపఫోల్డర్లో ఇంకో ఫైలు ముందే ‘యస్’ అని చెప్పి ఉంటే, మొదట చదివిందే చెల్లుతుంది, మీ ‘నో’ అరణ్యరోదన. అందుకని ఒక్క ఫైలును నమ్మకుండా, ఫైళ్ళన్నీ కలిపి చదివితే చివరికి చెల్లేదేమిటో సర్వర్ వైపు ప్రోగ్రామైన ఎస్‌ఎస్‌హెచ్‌డీకి పెద్ద బడి టీ గుర్తు ఇచ్చి అడగండి. మార్పు చేశాక ఉన్న కిటికీ మూయకండి. రెండో కిటికీ తెరిచి, మీ సొంత పేరుతో లోపలికి వచ్చి, సూడో పనిచేస్తోందని చూశాకే మొదటిది మూయండి. ఈ క్రమం తప్పినవాళ్ళు యాభై కిలోమీటర్లు బస్సెక్కి వెళ్ళి కీబోర్డు ముందు కూర్చోవాల్సి వస్తుంది.

ఆ కీబోర్డు మాత్రం తప్పకుండా ఉండాలి. దూరం నుంచి రూట్‌ను ఆపడం అంటే రూట్‌ను చంపడం కాదు; యంత్రం ఎదురుగా కూర్చున్నవాడికి ఆ దారి తెరిచే ఉంటుంది. 2022 మేలో నెట్ ఆగింది, జులైలో గోదావరి వరద లంకల్ని ముంచెత్తింది. అలాంటప్పుడు దూరం దారి ఎవరికీ పనిచేయదు. రూట్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవరుకు సీలు వేసి, ఆఫీసు బీరువాలో పెట్టి, ఎప్పుడు ఎవరు చింపారో రాసుకునే పాత పద్ధతిని నేను ఇప్పటికీ సమర్థిస్తాను.

2022 జూన్‌లో కేంద్రం 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను 2,516 కోట్లతో కంప్యూటరీకరించే పథకానికి ఆమోదం తెలిపింది. అంటే రైతు అప్పుల లెక్కలు రాసే ఊరి సొసైటీ కూడా ఇక నెట్‌వర్కులో ఉన్న కంప్యూటరే. ఇలాంటి చిన్న ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. ఫోన్ చేస్తే అవతలి వ్యక్తి, దూరం నుంచి తెరను నడిపించే ఎనీడెస్క్ అనే యాప్ తెరిచి నంబరు చెప్పమంటాడు. చెప్పగానే బాణం గుర్తు దానంతటదే తెర మీద తిరుగుతుంది. ఈ యాప్‌తో జరుగుతున్న మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. యాప్ తప్పు కాదిది. అప్పటికి ఆ కంప్యూటర్ ఏ పేరుతో తెరిచి ఉందో ఆ అధికారమే అవతలివాడికి దక్కుతుంది. గుమస్తా రోజంతా అడ్మినిస్ట్రేటర్ పేరుతో కూర్చుంటే, ఫోన్‌లో మాట్లాడినవాడు కూడా అడ్మినిస్ట్రేటరే. ఏదైనా జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలని, లాగిన్ చిట్టాలు 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. చిట్టాలో అన్ని వరసల్లోనూ ఒకటే పేరుంటే 180 రోజులు దాచి చదివేదేముంటుంది?

మీ చేతి కింద ఆఫీసు కంప్యూటర్ ఏదైనా ఉంటే ఇవాళ అందులో అడ్మినిస్ట్రేటర్ల జాబితా తెరవండి. ఒక్కో పేరు ఎదురుగా ఒక్కో మనిషి ఫోన్ నంబరు రాయండి. నంబరు రాయలేకపోయిన పేరును ఇంటికి వెళ్ళేలోపు ఆపేయండి.